సైకిల్ హైడ్రాలిక్ బ్రేకుల్లోంచి ఇంట్లోనే గాలి తీసే ముందు

అన్నిటికంటే ముందు మీ బ్రేకు ఏ ద్రవం అడుగుతుందో లివరు మీదో, కంపెనీ పుస్తకంలోనో చూసి నిర్ధారించుకోండి. షిమానో బ్రేకులకు మినరల్ ఆయిల్ వాడాలి. శ్రామ్ బ్రేకుల్లో చాలావాటికి డాట్ (DOT) అనే మరో రకం బ్రేకు ద్రవం కావాలి. ఒకదాని బదులు మరొకటి పోస్తే లోపలి రబ్బరు సీళ్లు పాడై, బ్రేకు అసలుకే పనికిరాకుండా పోతుంది. డాట్ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి, మన చెన్నై ఉక్కలో ఎప్పుడో మూత తీసిన సీసాను నమ్మకుండా కొత్తది కొనడమే మంచిది. డాట్ ద్రవం పెయింటును తినేస్తుంది, చర్మానికి మంట పెడుతుంది గనుక చేతులకు గ్లవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి.

చక్రాన్నీ, బ్రేకు ప్యాడ్లనూ విప్పి మరో గదిలో పెట్టండి. వేళచ్చేరిలో మా ఇంటి బాల్కనీలో మొదటిసారి ఈ పని చేసినప్పుడు, పక్కనే ఉంచిన ప్యాడ్ల మీద ఒక్క చుక్క నూనె పడింది. ఎంత తుడిచినా బ్రేకు పట్టక, చివరికి కొత్త జత కొనవలసి వచ్చింది. ప్యాడ్ల స్థానంలో బ్లీడ్ బ్లాక్ (ఆ ఖాళీని నింపే ముక్క) పెట్టకుండా లివరు నొక్కితే, ప్యాడ్లను నెట్టే పిస్టన్లు బయటికి తోసుకొస్తాయి.

గాలి తీయడానికి బ్రేకుకు తగిలించే సిరంజి గొట్టంలో ఆవగింజంత బుడగలు ఆగి ఆగి పైకి వస్తుంటాయి కాబట్టి, కనీసం రెండు గంటల తీరిక చూసుకుని మొదలుపెట్టండి. పాత ద్రవాన్ని పట్టడానికి మూత ఉన్న సీసా సిద్ధంగా ఉంచుకోండి, దాన్ని కాలువలో పోయకండి. లివరు గట్టిగా నిలిచిందని తేలేవరకు సైకిల్‌ను రోడ్డెక్కించవద్దు.