కొత్త బోర్డ్ గేమ్ వార్త చూడగానే చెయ్యి పర్సు మీదకి పోకుండా ఉండాలంటే

ముందు అది ఏ రకం వార్తో చూడండి. కిక్‌స్టార్టర్ (తయారీకి జనం దగ్గర ముందే డబ్బు సేకరించే వెబ్‌సైటు) ప్రకటన అయితే అది షాపు కాదు, ఆట చాలాసార్లు ఇంకా తయారే అయి ఉండదు, చెప్పిన తేదీకి పెట్టె చేతికొస్తుందన్న హామీ కూడా లేదు, కాబట్టి బొమ్మల ఫోటోలు పక్కనపెట్టి రూల్‌బుక్ పెట్టారా లేదా అని వెతకండి. పెట్టకపోతే నేనైతే అక్కడే ఆగిపోతాను.

లీకైన వార్తా? నాలుగు రోజులు ఆగండి. 2023 జనవరిలో డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పుస్తకాల్లోని నియమాలతో, కథలో పాత్రలుగా మారి ఆడే ఆట) కొత్త లైసెన్సు ముసాయిదా, అంటే ఆ ఆట ఆధారంగా ఇతరులు సొంతవి తయారుచేసుకోడానికి పెట్టే షరతులు, లీకై బయటికి రాగానే పెద్ద గొడవైంది, నెల తిరక్కుండానే కంపెనీ వెనక్కి తగ్గి మూల నియమాల్ని క్రియేటివ్ కామన్స్ (ఎవరైనా వాడుకోగలిగే లైసెన్సు) కింద విడుదల చేసింది. కోపంలో మొదటి రోజే ఆ ఆట పుస్తకాలు అమ్మేసి ఉంటే నష్టం మీదే.

ఇక సినిమాల పేర్లు అంటించిన మోనోపలీలు (వీధులు కొని అద్దె వసూలు చేసే ఆట). వీధుల పేర్లు మారతాయి, ఆట అదే. (దీనికి మూలమైన ల్యాండ్‌లార్డ్స్ గేమ్‌కి ఎలిజబెత్ మేగీ 1904లో పేటెంట్ పొందింది, అదీ భూముల గుత్తాధిపత్యం ఎంత చెడ్డదో చూపించడానికి!) కొనేముందు ఎంతమంది ఆడాలో చూడండి, మీ దగ్గర కూడేది ముగ్గురే అయితే ఆరుగురి ఆట అల్మారా దిగదు.