సరదాగా సైకిల్ తొక్కేవాళ్లు సైకిల్ కంప్యూటర్ ఎలా ఎంచుకోవాలి?

హ్యాండిల్‌బార్ మీద బిగించుకునే సైకిల్ కంప్యూటర్ కోసం వెతకడం మొదలుపెట్టిన అరగంటకే బుర్ర వేడెక్కుతుంది. ఒకటేమో అగ్గిపెట్టెంత డబ్బా, వేగం, దూరం, టైమ్ తప్ప ఇంకేమీ చూపించదు. ఇంకొకటి మ్యాపులు, ఎత్తుపల్లాలు, గుండె వేగం, వెనకాల వస్తున్న బండి దాకా అన్నీ చూపిస్తుంది, దాని ధరకు ఇంకో సైకిలే వచ్చేస్తుంది. రేసులకు వెళ్లేవాళ్లకు ఈ తలనొప్పి లేదు, వాళ్లకేం కావాలో ముందే తెలుసు. ఇబ్బందల్లా సెలవు రోజు పొద్దున్నే బయల్దేరి, హాయిగా కాసేపు తొక్కి ఇంటికొచ్చేవాళ్లకే. అందుకని నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: సరదాకి తొక్కేవాళ్లు దీని మీద ఎక్కువ డబ్బు పెట్టడానికి సరైన కారణం ఒక్కటే, తెలియని దారుల్లో దారి చూపించడం. అది అక్కర్లేకపోతే చవక దాంతో, లేదా ఉన్న ఫోన్‌తో, పని అయిపోతుంది.

1. ముందు ఏమీ కొనకుండా తొక్కండి

రైడ్‌ని రికార్డు చేసే స్ట్రావా లాంటి యాప్ ఏదైనా ఆన్ చేసి ఫోన్ జేబులో పడేసి కొన్నాళ్లు తొక్కండి. తొక్కుతున్నప్పుడు మీ మనసులో ఏ ప్రశ్న వస్తోందో గమనించండి, అసలు పరీక్ష అదే. "ఎంత దూరం వచ్చాను?" అన్నదొక్కటే వస్తుంటే మీకు కావాల్సింది చాలా చిన్న వస్తువు. "ఇక్కడ కుడికా, ఎడమకా?" అని ఆగి ఆగి ఫోన్ తీస్తుంటే మ్యాప్ ఉన్నది కావాలి. "ఈ ఎక్కుడు ఇంకా ఎంతసేపు?" అని పళ్లు కొరుక్కుంటుంటే ఎత్తు కొలిచేది కావాలి. ఏ ప్రశ్నా రాలేదా, ఇంటికొచ్చాక యాప్‌లో చూసుకుంటే చాలనిపించిందా, అయితే ఏదీ కొనకండి. నిజంగానే చెప్తున్నా.

ఫోన్‌నే హ్యాండిల్‌బార్ మీద బిగించేస్తే సరిపోదా అని అడగొచ్చు. తెలిసిన దారిలో చిన్న రైడ్‌కి సరిపోతుంది. కానీ స్క్రీన్ వెలుగుతూనే ఉండాలి కాబట్టి బ్యాటరీ గబగబా దిగిపోతుంది, ఎండ నేరుగా పడితే ఏమీ కనపడదు, ఫోన్ బాగా వేడెక్కితే వెలుతురు తనే తగ్గించేసుకుంటుంది, చెమట వేలితో తాకితే ఒకటి నొక్కితే ఇంకొకటి తెరుచుకుంటుంది. అదురు సంగతి కూడా ఉంది. మోటార్‌సైకిల్ ఇంజన్ల అదురు వల్ల ఐఫోన్ కెమెరాలు దెబ్బతినొచ్చని 2021లో యాపిల్ సంస్థే హెచ్చరించింది. సైకిల్‌కి ఇంజన్ లేదు, నిజమే, అయినా గతుకుల రోడ్ల మీద తొక్కేవాళ్లు ఫోన్‌ని జేబులో ఉంచుకోవడమే మంచిదని నేనంటాను. పైగా దారిలో ఏదైనా అయితే ఎవరికైనా ఫోన్ చేయడానికి అందులో చార్జింగ్ ఉండాలిగా.

2. రకం తేల్చుకోండి: అయస్కాంతమా, జీపీఎస్సా

పాత రకం ఎలా పనిచేస్తుందో తెలిస్తే దాని మీద గౌరవం పెరుగుతుంది. చక్రం పుల్లకు ఒక చిన్న అయస్కాంతం బిగిస్తారు, ముందు ఫోర్క్‌కి ఒక సెన్సర్. అయస్కాంతం దాని ముందు నుంచి వెళ్లిన ప్రతిసారీ చక్రం ఒక చుట్టు తిరిగినట్టు. చుట్ల లెక్కను చక్రం చుట్టుకొలతతో గుణిస్తే దూరం, దాన్ని టైమ్‌తో భాగిస్తే వేగం. అంతే. శాటిలైట్ అక్కర్లేదు, సొరంగంలో పనిచేస్తుంది, దట్టమైన చెట్ల కింద పనిచేస్తుంది, సీఆర్2032 లాంటి బిళ్ల బ్యాటరీ వేస్తే నెలల తరబడి దాని సంగతి మర్చిపోవచ్చు. మీరు ఎక్కడెక్కడ తిరిగారో మాత్రం అది చెప్పలేదు.

జీపీఎస్ రకంలో తీగలు, అయస్కాంతాలు ఉండవు. హ్యాండిల్‌బార్ మీద పెట్టి స్టార్ట్ నొక్కితే చాలు, ఈ సైకిల్ మీది నుంచి తీసి ఆ సైకిల్ మీద పెట్టుకున్నా ఏమీ మార్చక్కర్లేదు. రైడ్ మొత్తం మ్యాప్ మీద గీతలా దాచి పెడుతుంది. ఎత్తైన భవనాల మధ్య, లోయల్లో సిగ్నల్ తడబడితే వేగం అంకె కాసేపు పిచ్చిపిచ్చిగా ఊగుతుంది, అది పట్టించుకోకండి. జీపీఎస్‌తో పాటు గ్లోనాస్, గెలీలియో లాంటి వేరే శాటిలైట్ వ్యవస్థలను కూడా వాడుకునేదైతే ఈ గొడవ తగ్గుతుంది.

ఈ రెండింటికీ మధ్యలో తీగ లేని అయస్కాంతం రకం ఒకటి ఉంది. చూడ్డానికి నీట్‌గా ఉంటుంది గానీ నేనైతే వదిలేస్తాను. బ్యాటరీలు రెండు, ఒకటి సెన్సర్‌లో, ఇంకొకటి డిస్‌ప్లేలో. చవక రకాల్లో పాత పద్ధతి రేడియో సిగ్నల్ వాడతారు, పక్కనే ఎల్ఈడీ లైటు వెలిగినా, కరెంటు తీగల కింద వెళ్లినా కొన్నిసార్లు అంకెలు గంతులేస్తాయి. తీగ చూడ్డానికి బాగోదన్న ఒక్క కారణానికి ఇంత టెన్షన్ ఎందుకు?

3. దారి చూపించేదే కావాలంటే, ఏ రకం దారో చూసుకోండి

డబ్బు తేడా అంతా ఇక్కడే వస్తుంది, కాబట్టి తొందరపడకండి. "నావిగేషన్ ఉంది" అని అట్టపెట్టె మీద రాసినంత మాత్రాన మ్యాప్ ఉన్నట్టు కాదు. చాలా చవక జీపీఎస్ కంప్యూటర్లలో ఖాళీ తెర మీద ఒక గీత, ఆ గీత మీద మీరొక బాణం గుర్తు, అంతే ఉంటుంది. ఇంట్లో కూర్చుని దారి గీసుకుని, జీపీఎక్స్ ఫైల్‌గా (దారిని దాచిపెట్టే ఫైల్ రకం) అందులోకి ఎక్కించుకోవాలి. గీత తప్పితే తప్పారని చెబుతుంది గానీ మళ్లీ గీత మీదకి ఎలా రావాలో చెప్పదు. పక్కన ఇంకో రోడ్డు ఉందో లేదో కూడా తెరమీద కనపడదు. పల్లె రోడ్లలో కూడళ్లు తక్కువ కాబట్టి ఇది హాయిగా సరిపోతుంది. ఐదు సందులు కలిసే చోట మాత్రం గీత ఏ సందులోకి వెళ్తోందో తేల్చుకోలేక దిగి నిలబడాల్సి వస్తుంది.

రెండో మెట్టు, అసలైన మ్యాప్ లోపలే ఉండేవి. వీటిలో చాలావరకు, జనమే కలిసి తయారుచేసే ఉచిత మ్యాప్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సమాచారం మీద తయారైనవే. ఇక్కడ అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి: దారి తప్పితే కొత్త దారి అదే లెక్కేసుకుంటుందా, లేక ఫోన్ సాయం కావాలా? కొన్ని మోడళ్లలో మ్యాప్ బొమ్మ ఉంటుంది, లెక్క మాత్రం ఫోన్‌లో జరుగుతుంది, అంటే సిగ్నల్ లేని చోట, సరిగ్గా మీకు సాయం కావాల్సిన చోటే, చేతులెత్తేస్తుంది. కొనేముందు మాన్యువల్ దించుకుని ఈ ఒక్క విషయం చదవండి, ప్రకటనల్లో దీన్ని గట్టిగా చెప్పరు. ఏ ప్రాంతం మ్యాపులు ముందే ఎక్కించి ఇస్తారో, వేరేచోటికి వెళ్తే ఉచితంగా దించుకోవచ్చో లేదో అది కూడా అందులోనే ఉంటుంది.

4. ఎత్తు లెక్క నమ్మేముందు

కొండ దారులు ఇష్టపడేవాళ్లు గాలి పీడనంతో ఎత్తు కొలిచే బారోమీటర్ ఉందో లేదో చూడాలి. జీపీఎస్ ఒక్కదాంతో కొలిచే ఎత్తులో తప్పు ఎక్కువ. బారోమీటర్ చిన్న చిన్న ఎక్కుళ్లను కూడా పట్టుకుంటుంది, సముద్రమట్టం దగ్గర సుమారు 8 మీటర్లు పైకెక్కితే పీడనం 1 మిల్లీబార్ తగ్గుతుంది, ఆ తేడాని అది కొలుస్తుంది. చిక్కేమిటంటే వాతావరణం మారినా పీడనం మారుతుంది. రైడ్ మధ్యలో మబ్బు పట్టి 3 మిల్లీబార్లు పడిపోతే, మీరు కదలకుండా కూర్చున్నా 25 మీటర్ల దాకా ఎక్కేసినట్టు చూపిస్తుంది. సెన్సర్ రంధ్రంలో నీళ్లు చేరినా ఇదే తంతు. వాలు శాతం కూడా కొన్ని సెకన్లు ఆలస్యంగా వస్తుంది, అంటే తెర మీద 9 శాతం కనపడేసరికి మీ కాళ్లకు ఆ సంగతి ఎప్పుడో తెలిసిపోయి ఉంటుంది.

5. తెర, బటన్లు, బ్యాటరీ, నీళ్లు

తెర రంగులెన్ని అన్నది కాదు, మిట్టమధ్యాహ్నం ఎండలో కనపడుతుందా అన్నదే ముఖ్యం. ఎండ వెలుతురునే వాడుకుని చూపించే తెరలు షాపు లైట్ల కింద వెలవెలబోతాయి, బయట మాత్రం అద్భుతంగా ఉంటాయి. కాబట్టి వీలైతే గుమ్మం దాకా తీసుకొచ్చి చూడండి. దగ్గరి చూపుకి కళ్లజోడు వాడేవాళ్లు చిన్న డబ్బా జోలికి పోవద్దు, అంకెలు పెద్దగా కనపడేది తీసుకోండి.

టచ్ కంటే బటన్లే నాకిష్టం. వానలో, చెమటలో, గ్లౌజులతో బటన్ నమ్మకంగా పనిచేస్తుంది. మ్యాప్‌ని జరిపి చూసుకోవడానికి మాత్రం టచ్ సుఖం, రెండూ ఉన్నవి కూడా దొరుకుతాయి.

కంపెనీ చెప్పే బ్యాటరీ గంటలు అన్నీ ఆపేసి కొలిచినవి అనుకోండి. మ్యాప్, బ్యాక్‌లైట్, సెన్సర్లు అన్నీ నడుస్తుంటే బాగా తగ్గుతాయి, చలిలో ఇంకా తగ్గుతాయి. మీ పొడవాటి రైడ్‌కి రెట్టింపు గంటలు రాసి ఉన్నది తీసుకుంటే నిశ్చింత. నీళ్ల సంగతికొస్తే ఐపీఎక్స్7 అని ఉంటే మీటరు లోతు నీళ్లలో 30 నిమిషాలు ఉంచినా లోపలికి చేరకూడదని అర్థం, వానకు అది చాలు. చార్జింగ్ రంధ్రం మీద రబ్బరు మూత ఉన్న మోడల్ అయితే మూత సరిగ్గా మూశారో లేదో చూసుకునే పని మీదే.

6. సెన్సర్లు: ఒకటి చాలు, లేకపోయినా పర్లేదు

నిమిషానికి పెడల్ ఎన్ని చుట్లు తిప్పుతున్నారో చెప్పే కేడెన్స్ సెన్సర్ కొత్తవాళ్లకు పనికొస్తుంది. బరువైన గేర్‌లో మోకాళ్ల మీద భారం వేసి తొక్కే అలవాటు ఉంటే ఆ అంకె చూసి మార్చుకోవచ్చు. గుండె వేగం కావాలంటే ముందు మీ చేతి గడియారం ఆ లెక్కని కంప్యూటర్‌కి పంపగలదేమో చూడండి, చాలా స్పోర్ట్స్ వాచీలు పంపుతాయి, విడిగా పట్టీ కొనక్కర్లేదు. పెడల్ మీద మీరు పెట్టే శక్తిని వాట్లలో కొలిచే పవర్ మీటర్ గురించి ఎవరైనా ఊరిస్తే నవ్వి ఊరుకోండి. కేలరీల అంకె చాలావరకు అంచనా మాత్రమే, దాన్ని చూసి ఇంకో ప్లేటు లాగించేయకండి.

సెన్సర్లు యాంట్ ప్లస్, బ్లూటూత్ అనే రెండు పద్ధతుల్లో మాట్లాడతాయి. యాంట్ ప్లస్ సెన్సర్ రేడియో స్టేషన్ లాంటిది, ఎన్ని పరికరాలైనా ఒకేసారి వినొచ్చు. బ్లూటూత్‌లో చాలా సెన్సర్లు ఒకటో రెండో పరికరాలకే కలుస్తాయి. ఫోన్ యాప్ ముందే పట్టేసుకుంటే కంప్యూటర్‌కి సెన్సర్ కనపడదు, పాడైపోయిందని కంగారు పడతాం. ఫోన్‌లో దాన్ని తీసేసి, కంప్యూటర్ మెనూలోంచి కలపండి. రెండు పద్ధతులూ అర్థమయ్యే కంప్యూటర్ అయితే గొడవే లేదు.

రద్దీ రోడ్ల మీద తొక్కేవాళ్లకు వెనక రాడార్ ఒక మంచి వస్తువు. గార్మిన్ వేరియా రకం 140 మీటర్ల దూరం నుంచే వస్తున్న బండిని పసిగట్టి తెర పక్కన చుక్కగా చూపిస్తుంది. ఎప్పటికైనా కొనే ఆలోచన ఉంటే మీ కంప్యూటర్ దానికి సరిపోతుందో లేదో ఇప్పుడే చూసుకోండి. అది ఉన్నా మలుపు తిరిగేముందు తల తిప్పి చూడడం మానకూడదు.

7. యాప్‌ని కూడా కొంటున్నారని గుర్తుంచుకోండి

డబ్బా బాగుండి యాప్ చెత్తగా ఉంటే రోజూ విసుగే. గార్మిన్, వాహూ, బ్రైటన్, ఐజీపీస్పోర్ట్, ఏదైనా సరే, కొనకముందే దాని యాప్ దించుకుని రివ్యూలు తాజావి చదవండి, రైడ్లు వాటంతట అవే ఎక్కుతున్నాయా అన్నది చూడండి. రికార్డు ఫైల్ బయటికి తీసుకోవడానికి వీలుండాలి, ఫిట్ ఫైల్ (రైడ్ వివరాలన్నీ ఉండే ఇంకో ఫైల్ రకం) గానీ జీపీఎక్స్ గానీ. లేకపోతే రేపు మీరు వేరే కంపెనీదానికి మారినప్పుడు మీ రైడ్లన్నీ అక్కడే ఉండిపోతాయి.

8. బిగించాక చేయాల్సినవి

అయస్కాంతం రకం అయితే చుట్టుకొలత సరిగ్గా పెట్టండి. 700×25 టైరుకి సుమారు 2105 మి.మీ., 700×28కి 2136. ఇంకా కచ్చితంగా కావాలంటే టైర్లలో గాలి సరిపడా నింపి, వాల్వ్ కిందికి ఉండేట్టు నిలబెట్టి నేల మీద గుర్తు పెట్టండి, మీరు సైకిల్ మీద కూర్చుని ఒక చుట్టు ముందుకు దొర్లించి మళ్లీ గుర్తు పెట్టి మధ్య దూరం కొలవండి. ఒక శాతం తప్పుంటే 100 కి.మీ.కి ఒక కి.మీ. తేడా. టైరు సైజు మార్చినప్పుడు మళ్లీ కొలవాలి.

జీపీఎస్ రకం అయితే బయల్దేరేముందు ఆరుబయట కాసేపు నిలబడి సిగ్నల్ దొరికాకే కదలండి. ఒక పేజీలో నాలుగు అంకెలకు మించి పెట్టకండి. మీరు ఆగినప్పుడు లెక్కను తనే ఆపేసే ఆటో పాజ్ ఆన్‌లో ఉంటే సగటు వేగంలో మీరు ఆగిన టైమ్ కలవదు, ఎవరితోనైనా పోల్చుకునేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి. కంప్యూటర్‌ని హ్యాండిల్‌బార్‌కి పట్టి ఉంచే మౌంట్ విడిగా కొంటే బ్రాండ్ చూసుకోండి, గార్మిన్ పావు మలుపు మౌంట్‌కి వాహూది సరిపోదు. పెట్టెలో చిన్న తాడు ఇస్తే అది తప్పక కట్టండి, గతుకులో ఎగిరిపడితే తెర పగలకుండా కాపాడేది అదే.

సెకండ్ హ్యాండ్‌ది దొరికితే వెనకాడక్కర్లేదు. కాకపోతే మూడు చూడండి: పూర్తిగా చార్జ్ చేశాక ఎంతసేపు వస్తోంది, పాత యజమాని తన ఖాతాలోంచి దాన్ని తీసేశారా, కంపెనీ యాప్ ఇప్పటికీ ఆ మోడల్‌ని గుర్తిస్తోందా. మూడోది కుదరకపోతే ఎంత చవకైనా వద్దు.