ఇంటికి మంచి టర్న్‌టేబుల్ ఎంచుకోవడం ఎలా?

తిరుపతి, చిత్తూరు పాత ఇళ్లలో బీరువాలు సర్దుతుంటే ఇప్పటికీ గ్రామఫోన్ ప్లేట్లు బయటపడుతుంటాయి. తాతగారు దాచుకున్న చిత్తూరు నాగయ్య పాటలు, ఆ తర్వాతి తరం కొన్న ఎం.ఎస్. సుబ్బులక్ష్మి ఎల్పీలు. వాటిని దర్జాగా వినాలని లక్ష దాటి ఖర్చు పెట్టబోయేవాళ్లు షోరూమ్‌కి వెళ్లేముందు ఇంట్లోనే రెండు సంగతులు తేల్చుకోవాలి: ఉన్న ప్లేట్లు ఎలాంటివి, వచ్చే కరెంటు ఎలాంటిది. ఇవి తేలితే సగం మోడళ్లు వాటంతటవే పక్కకు పోతాయి.

1. ముందు ప్లేట్లు వేరు చేయండి

బరువుగా ఉండి, కింద పడితే పెంకులా పగిలేవి 78 వేగం (నిమిషానికి 78 చుట్లు) లక్క రికార్డులు. వంచితే కాస్త వంగేవి వినైల్ ఎల్పీలు. ఇవి 1948లో వచ్చాయి, నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతాయి. రెండింటికీ ఒకే ముల్లు పనికిరాదు. 78 గాడి చాలా వెడల్పు. ఎల్పీ ముల్లు కొన అంగుళంలో వెయ్యో వంతు కన్నా సన్నం, 78కి దాదాపు మూడు వెయ్యో వంతులు కావాలి. సన్న ముల్లు పెడితే అది గాడి అడుగున పాకుతూ బరబరమనే చప్పుడే ఎక్కువ వినిపిస్తుంది.

కాబట్టి ఇంట్లో రెండు రకాలూ ఉంటే 78 వేగం ఉన్న, ముల్లు తగిలించే ముందుభాగం (హెడ్‌షెల్) ఊడదీసి మార్చుకోగలిగే డెక్కే (టర్న్‌టేబుల్) చూడాలి. రేగా ప్లానార్ 3 మంచి డెక్కే, కానీ దానికి 33, 45 మాత్రమే ఉంటాయి, హెడ్‌షెల్ కూడా ఊడి రాదు. అన్నీ ఎల్పీలే అయితే ఈ గొడవే లేదు.

2. కరెంటు సంగతి

విదేశాల్లో ఉన్న పిల్లలు పంపే సెట్లతో ఇక్కడే చిక్కు. మన కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అమెరికాలో 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మర్ పెడితే వోల్టేజీ సరిపోతుంది, హెర్ట్జ్ మాత్రం మారదు. పాత బెల్ట్ డెక్కుల్లో (రబ్బరు బెల్టుతో పళ్లెం తిప్పేవి) ఏసీ మోటారు ఆ హెర్ట్జ్‌ని బట్టే తిరుగుతుంది. 60 హెర్ట్జ్‌కి చేసినదాన్ని ఇక్కడ పెడితే 33⅓ తిరగాల్సిన ప్లేటు 28 కన్నా తక్కువ తిరుగుతుంది. ఐదు శ్రుతిలో పాడిన పాట ఇంచుమించు మూడు శ్రుతికి దిగిపోతుంది! అలాంటి డెక్కు కొనేముందు 50 హెర్ట్జ్ పుల్లీ (మోటారుకుండే బెల్టు చక్రం) దొరుకుతుందో లేదో అడగండి. మోటారు వేగాన్ని సొంత ఎలక్ట్రానిక్స్‌తో నడిపించే డెక్కులకు ఈ బాధ లేదు.

ఎండాకాలం కోతల్లో ఇన్వర్టర్ మీద వినాలనుకుంటే ప్యూర్ సైన్ వేవ్ రకమే ఉండాలి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద స్పీకర్లలో జుయ్‌మనే మోత వస్తుంది.

3. బెల్టా, డైరెక్ట్ డ్రైవా?

దీని మీద వాదనలు తెగవు. బెల్ట్ డ్రైవ్‌లో మోటారు అదురు ప్లేటు దాకా రాకుండా రబ్బరు అడ్డుపడుతుంది. స్కాట్లాండ్ వాళ్ల లిన్ ఎల్పీ12 లాంటివి ఈ పద్ధతిలోనే పేరు తెచ్చుకున్నాయి. డైరెక్ట్ డ్రైవ్‌లో మోటారే పళ్లేన్ని తిప్పుతుంది కాబట్టి వేగం కదలదు. టెక్నిక్స్ ఎస్ఎల్-1200 ఈ రకం. 1972లో వచ్చి, 2010లో ఆగి, 2016లో మళ్లీ మొదలైంది. కొత్త జీ, జీఆర్ మోడళ్లలో 78 వేగం ఉంది, హెడ్‌షెల్ ఊడుతుంది, సాగిపోయే బెల్టూ లేదు. ప్లేట్లు కలగలిసి ఉన్న రాయలసీమ ఇంటికి నా ఓటు దీనికే. అందంలో బెల్ట్ డెక్కులదే పైచేయి, ఒప్పుకుంటాను.

శ్రుతి తెలిసిన చెవి ఉన్నవాళ్లకు పరీక్ష చాలా సులువు. నాదస్వరంలోనో వీణలోనో స్వరం నిలిపి ఉంచే చోటు వినండి. ఆ స్వరం సన్నగా ఊగిందంటే ఆ డెక్కు ఎంత ఖరీదైనా వద్దు. ఒక్కోసారి మధ్య రంధ్రం సరిగా లేని ప్లేటు కూడా ఇలాగే ఊగుతుంది, అందుకే రెండు మూడు ప్లేట్లు వేసి చూడండి.

4. డబ్బంతా డెక్కు మీదే పెట్టొద్దు

గాడిని చదివేది కార్ట్రిడ్జ్. డెక్కు ఎంత గొప్పదైనా చౌక కార్ట్రిడ్జ్ తగిలిస్తే పాడైన గొంతే వినిపిస్తుంది. మూవింగ్ మాగ్నెట్ రకం మూడు నుంచి ఐదు మిల్లీవోల్టుల సిగ్నల్ ఇస్తుంది. దీంతో మొదలుపెట్టడం తేలిక. మూవింగ్ కాయిల్ రకంలో సున్నితం ఎక్కువ, సిగ్నల్ మాత్రం సాధారణంగా అర మిల్లీవోల్టు కూడా ఉండదు. దానికి తగ్గ ఫోనో ప్రీయాంప్ (ఆ చిన్న సిగ్నల్‌ని పెంచే సాధనం) లేకపోతే చప్పుడే పెరుగుతుంది. మూవింగ్ కాయిల్‌లో చాలావాటికి ముల్లు అరిగితే మొత్తం కార్ట్రిడ్జే మార్చాలి. ఆ ఖర్చు కూడా ముందే అడిగి తెలుసుకోండి.

ఇప్పటి యాంప్లిఫయర్లు చాలావాటికి ఫోనో ఇన్‌పుట్ ఉండదు. మీదానికి లేకపోతే ఫోనో ప్రీయాంప్‌కి విడిగా డబ్బు తీసి పెట్టండి.

5. పెట్టే చోటు

మన ఇళ్లలో ఇది కలిసొచ్చే విషయం. కాంక్రీటు స్లాబు మీద నడిస్తే చెక్క నేలలా అదరదు కాబట్టి స్ప్రింగుల సస్పెన్షన్ కోసం ప్రత్యేకంగా డబ్బు పెట్టక్కర్లేదు. గోడలో దిగ్గొట్టిన కడప బండ అల్మరా కన్నా మంచి స్టాండు ఏముంటుంది? స్పీకర్లను మాత్రం ఆ బండ మీద పెట్టొద్దు. మేస్త్రీల దగ్గరుండే రసమట్టం పళ్లెం మీద పెట్టి సమం చూసుకోండి. సీలింగ్ ఫ్యాన్ కింద దుమ్ము ముల్లుకు చుట్టుకుంటుంది, మూత ఉన్న డెక్కు తీసుకోవడమే మేలు.

6. విని కొనండి

పక్కపక్కన రెండు మూడు డెక్కులు పెట్టి వినిపించే షాపు కోసం చెన్నైకో బెంగళూరుకో వెళ్లక తప్పదు. మీ ప్లేట్లు మీరే పట్టుకెళ్లండి. షాపువాళ్ల డెమో రికార్డు ఏ డెక్కు మీదైనా బాగానే ఉంటుంది.

అక్కడే ఇవి అడగండి: కార్ట్రిడ్జ్ అమర్చి బరువు సరిచేసి ఇస్తారా? ముల్లు బరువు సాధారణంగా ఒకటిన్నర నుంచి రెండున్నర గ్రాముల మధ్య ఉంటుంది. దాని కాగితంలో రాసిందే పెట్టాలి. సర్వీసు ఎక్కడ? పాట అయ్యాక ముల్లున్న చేయి దానంతటది లేస్తుందా? ఖరీదైన డెక్కుల్లో చాలావరకు లేవదు. మధ్యాహ్నం భోజనం చేసి, ఎల్పీ పెట్టుకుని కునుకు తీసే అలవాటున్నవాళ్లు ఇది తప్పక ఆలోచించాలి.

తిరుగు ప్రయాణంలో పళ్లెం, చేయి వెనక ఉండే బరువు విప్పి విడిగా చుట్టించండి. పళ్లెం డెక్కు మీదే ఉండి కుదుపులు తింటే బేరింగ్ దెబ్బతింటుంది. కంపెనీ అట్టపెట్టె పారేయకండి, సర్వీసుకి పంపాల్సి వస్తే అదే కావాలి.