జపాన్ ఎఫ్‌ఎండబ్ల్యూ రెజ్లింగ్ చరిత్ర: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా చూడాలి?

టీవీలో డబ్ల్యూడబ్ల్యూఈ చూస్తూ పెరిగినవాళ్లు ఎఫ్‌ఎండబ్ల్యూ పేరు విని ఆన్‌లైన్‌లో వెతికితే ముందు కనిపించేవి పేలుళ్లు, ముళ్లతీగ, రక్తం. రెండు నిమిషాల క్లిప్ చూసి "ఇదేం పిచ్చి" అని పక్కన పెట్టేస్తారు. అలా వదిలేస్తే నాకు బాధేస్తుంది. ఎఫ్‌ఎండబ్ల్యూ, అంటే ఫ్రాంటియర్ మార్షల్ ఆర్ట్స్ రెజ్లింగ్ అనే ఈ జపాన్ కంపెనీ కథ వరసలో చూస్తే కంటతడి పెట్టిస్తుంది. ఆ వరస ఇదీ. రక్తం చూడలేనివాళ్లు, చిన్నపిల్లలు మాత్రం దీని జోలికి రావద్దు.

1. ఓనిటా మోకాలితో మొదలుపెట్టండి

టైటిళ్ల పట్టిక ముందేసుకుంటే ఏమీ తలకెక్కదు. ముందు మనిషిని తెలుసుకోండి. అత్సుషి ఓనిటా జెయింట్ బాబా శిష్యుడు. బాబా నడిపిన ఆల్ జపాన్ అనే రెజ్లింగ్ కంపెనీలో జూనియర్ హెవీవెయిట్‌గా పేరు తెచ్చుకున్నాక మోకాలు దెబ్బతిని 1985లో రిటైరయ్యాడు. 1989లో సొంతంగా ఎఫ్‌ఎండబ్ల్యూ పెట్టాడు. అప్పుడు చేతిలో 50 వేల యెన్లే ఉన్నాయని అభిమానులు ఇప్పటికీ చెప్పుకుంటారు. డబ్బు లేదు, పెద్ద స్టార్లు లేరు, ఎగిరి దూకే ఆట ఆ మోకాలికి పడదు. జనం రావాలంటే ఇంకెక్కడా దొరకనిది చూపించాలి. ముళ్లతీగ వచ్చింది అందుకే.

2. షియోడోమె మ్యాచ్ మొత్తం చూడండి

1990 ఆగస్టు 4, టోక్యోలోని షియోడోమె. ఓనిటాకు ఎదురుగా టార్జాన్ గోటో. రింగ్ చుట్టూ తాళ్లు తీసేసి ముళ్లతీగ కట్టారు, ఆ తీగకు చిన్న చిన్న పేలుడు మందులు అమర్చారు. ఒళ్లు తగిలితే ఢామ్మని పేలుతుంది. క్లిప్పుల్లో ఆ పేలుడే చూపిస్తారు. మీరు దానికి ముందు క్షణాలు చూడండి. తీగ వైపు నెడుతుంటే మనిషి పాదాలు ఎలా బిగబట్టుకుంటాడు, జనం ఎలా ఊపిరి బిగబడతారు. టెన్షన్ అంతా అక్కడే ఉంది. టోక్యో స్పోర్ట్స్ పత్రిక ఆ ఏడాది ఉత్తమ మ్యాచ్ అవార్డు దీనికే ఇచ్చింది, ఉత్తమ రెజ్లర్ అవార్డు ఓనిటాకు ఇచ్చింది.

3. మే 5లను వరసగా చూడండి

ఎఫ్‌ఎండబ్ల్యూకు కవాసాకి స్టేడియంలో మే 5 అంటే పెద్ద పండగ. ఇక్కడ తొందరపడకండి.

1993లో అమెరికన్ రెజ్లర్ టెర్రీ ఫంక్ ఓనిటాతో తలపడడానికి వచ్చాడు. వయసు 48. టైమ్ అయిపోగానే రింగే పేలిపోయే ఏర్పాటు. ఓనిటా గెలిచాడు, ఫంక్ మాత్రం లేవలేక రింగ్‌లోనే పడి ఉన్నాడు. సమయం దగ్గరపడుతోంది. ఓనిటా వెనక్కొచ్చి లేపబోయాడు, లాభం లేకపోయింది. చివరికి ఆయన మీద అడ్డంగా పడి తన ఒంటితో కప్పేశాడు. అప్పుడే రింగ్ పేలింది. ఇంతసేపూ కొట్టుకున్న మనిషిని కాపాడాలని పడిన ఆ ఆరాటంలోనే ఎఫ్‌ఎండబ్ల్యూ మొత్తం ఉందని నేను నమ్ముతాను.

1995లో ఓనిటా వీడ్కోలు. ఎదురుగా కుర్రాడు హయబుసా, పణంగా ఎఫ్‌ఎండబ్ల్యూ ప్రధాన టైటిలైన బ్రాస్ నకిల్స్. కంపెనీ చెప్పిన లెక్క ప్రకారం 58,250 మంది వచ్చారు. ఓనిటా గెలిచి టైటిల్ వదిలేసి వెళ్లాడు. మరుసటి ఏడాది చివర్లోనే మళ్లీ రింగ్‌లోకి వచ్చాడనుకోండి.

1996 మే 5 మ్యాచ్‌ను చాలామంది దాటేస్తారు. దయచేసి దాటేయకండి. మహిళా రెజ్లర్ కాంబాట్ టొయోడాకు అదే చివరి మ్యాచ్. ఆమె టైటిల్ కోసం మెగుమి కుడో పేలే ముళ్లతీగ మధ్య పోరాడి గెలిచింది. మగవాళ్ల మ్యాచ్‌లకు ఇది ఏ రకంగానూ తీసిపోదు.

4. ఇప్పుడు టైటిళ్ల దగ్గరికి రండి

ప్రధానమైనది బ్రాస్ నకిల్స్ హెవీవెయిట్. తర్వాత ఇండిపెండెంట్ హెవీవెయిట్ వచ్చింది. ఈ రెంటినీ కలిపి డబుల్ టైటిల్ అన్నారు. 1999లో వాటి స్థానంలో డబ్ల్యూఈడబ్ల్యూ పేరుతో కొత్త టైటిళ్లు తెచ్చారు. ట్యాగ్, మహిళల టైటిళ్లు వేరు. పేర్లు ఇన్నిసార్లు మారాయి కాబట్టి, ఎవరు ఛాంపియన్ అని చదివినప్పుడల్లా ఏ ఏడాదో కూడా చూసుకోండి.

5. 2001 అక్టోబరు 22 గురించి తెలుసుకోండి, వీడియో వెతక్కండి

టోక్యోలోని కొరకుయెన్ హాల్‌లో హయబుసాకు మామత్ ససాకితో మ్యాచ్. హయబుసా ఎన్నోసార్లు చేసిన విన్యాసమే, తాడు మీది నుంచి వెనక్కి పల్టీ. కాలు జారింది, మెడ మీద పడ్డాడు, ఒళ్లు చచ్చుబడిపోయింది. అన్ని బాంబుల మధ్య నుంచి బయటపడిన కంపెనీకి ఇంత పెద్ద దెబ్బ మామూలు తాడు దగ్గర తగిలింది. 2002 ఫిబ్రవరిలో ఎఫ్‌ఎండబ్ల్యూ దివాలా తీసింది. హయబుసా 2016లో చనిపోయాడు.

6. తర్వాత ఏం చూడాలి?

మసాటో టనాకా, మైక్ ఆసమ్ ఎఫ్‌ఎండబ్ల్యూలో మొదలుపెట్టిన పోరు అమెరికాలోని ఈసీడబ్ల్యూ అనే కంపెనీ దాకా సాగింది. 1999 డిసెంబరులో టనాకా అక్కడి వరల్డ్ టైటిల్ గెలిచింది ఆసమ్ మీదే. ఒక్క జాగ్రత్త: 1995 ఆగస్టులో ఇదే కవాసాకి స్టేడియంలో క్యాక్టస్ జాక్, టెర్రీ ఫంక్ ఫైనల్ ఆడిన టోర్నమెంట్ ఎఫ్‌ఎండబ్ల్యూది కాదు, ఐడబ్ల్యూఏ జపాన్ అనే వేరే కంపెనీది. క్లిప్పుల కింద ఈ రెండు కంపెనీల పేర్లూ తరచూ కలిపేస్తుంటారు. ఓనిటా 2021లో ఎఫ్‌ఎండబ్ల్యూ-ఈ పేరుతో మళ్లీ కంపెనీ పెట్టాడు, అది పైవన్నీ అయ్యాకే చూడండి.