ముక్క పడటం లేదా? ముందు డెక్ లెక్క చూసుకోండి

ఆదివారం భోజనాలయ్యాక బెంగళూరు మారతహళ్లిలోని మా పీజీ మేడ మెట్ల మీద నలుగురం ఫోన్లు పట్టుకుని కూర్చుంటాం. ఆడేది మ్యాజిక్ అరీనా అనే ముక్కల ఆట. ఎవరి ముక్కల కట్ట (డెక్) వాళ్లే కట్టుకోవాలి. ల్యాండ్ ముక్కలు మానా అనే శక్తినిస్తాయి, ఆ మానా ఖర్చుపెట్టే మిగతా ముక్కలు దించాలి. మదనపల్లె నుంచి వచ్చిన తమ్ముడొకడు ఈమధ్యే మొదలుపెట్టాడు. వరసగా ఐదు ఆటలు పోయేసరికి వాడికి ఏడుపొక్కటే తక్కువ. "ఏందన్నా ఇది, షఫ్లర్ నా మీద పగబట్టింది. ల్యాండే పడనీయదు" అన్నాడు. ఫోన్ తీసుకుని డెక్ తెరిచాను. మొత్తం 65 ముక్కలు, అందులో ల్యాండ్లు 20.

తప్పు ముక్కలు కలిపే షఫ్లర్‌ది కాదు. నేను చూసిన కొత్త డెక్‌లలో చాలావాటికి జబ్బు ఇక్కడే ఉంటుంది. అందుకే ఈ ఒక్క సమస్య దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

ల్యాండ్లు రావడం లేదు

మొదట చేతికి వచ్చేవి 7 ముక్కలు. 65లో 20 ల్యాండ్లుంటే, వంద చేతుల్లో దాదాపు 30 చేతులకు ఒక్క ల్యాండే వస్తుంది, లేదా అసలు రాదు. అదే 60 ముక్కల్లో 24 ల్యాండ్లు పెడితే అలాంటి చేతులు 14కి పడిపోతాయి. అంటే తమ్ముడు ఆటలో దిగకముందే, మనకంటే రెట్టింపు సార్లు చిక్కుల్లో పడుతున్నాడన్నమాట.

60 అనేది కనీస సంఖ్య. అంతకు మించి పెట్టుకోవచ్చు, కానీ పెట్టకండి. మామూలు (బేసిక్) ల్యాండ్లు తప్ప, ఒక ముక్కకు 4 కాపీలే అనుమతి. 60లో 4 కాపీలుంటే మొదటి చేతిలో కనీసం ఒకటి రావడానికి 40 శాతం అవకాశం. 80 ముక్కల డెక్‌లో అది 31కి దిగిపోతుంది. తమ్ముడు ఆ ఐదు ముక్కలు తీయడానికి చాలా బాధపడ్డాడు, అన్నీ వాడికి ఇష్టమైనవే మరి. వాటిని పక్కన పెట్టించి, ఐదు మానా, ఆరు మానా అడిగే మరో నాలుగు బరువు ముక్కలు తీయించి, ఆ చోట 4 ల్యాండ్లు వేయించాను.

24 అనేది మధ్యరకం డెక్ లెక్క. ఒకటి, రెండు మానాలతోనే దూకుడుగా కొట్టే ఒకే రంగు డెక్‌కి 20–22 సరిపోతాయి. ఆటను సాగదీసి చివర్లో పెద్ద ముక్క దించే కంట్రోల్ డెక్‌కి 26 పెట్టినా తప్పులేదు. డెక్ కట్టే తెరలోనే మానా ఖర్చుల బార్లు కనిపిస్తాయి. వాటిని చూడకుండా ల్యాండ్ల సంఖ్య తేల్చకండి.

ఇంకో సంగతి. ఒకే ఆటతో తేలిపోయే మ్యాచ్‌లో అరీనా మొదటి చేతిని కొంచెం సర్దుతుంది. ఒకటికంటే ఎక్కువ చేతులు తీసి, మీ డెక్‌లోని ల్యాండ్ల నిష్పత్తికి దగ్గరగా ఉన్నదాన్ని ఇచ్చేలా చూస్తుంది. ఆ తర్వాత తీసే ముక్కలకు ఆ సర్దుబాటు ఉండదు. మూడింట రెండు గెలవాల్సిన మ్యాచ్‌లో మొదటి చేతికి కూడా ఉండదు. నేను పైన చెప్పిన అంకెలు ఈ సర్దుబాటు లేని ఆటకే. ఒంటి ఆటల్లో బాగానే నడిచిన 20 ల్యాండ్ల డెక్ మూడు ఆటల మ్యాచ్‌లో చతికిలబడితే, కారణం ఇదే కావచ్చు.

ల్యాండ్లు సరిచేసినా మొదట్లోనే చిక్కుకుంటున్నా

సరిచేసిన డెక్‌తో తమ్ముడి తర్వాతి చేయి ఇది: ఒక మౌంటెన్ (ఎరుపు మానా ఇచ్చే ల్యాండ్), ఒక మానా క్రీచర్లు (కొట్టడానికీ అడ్డుకోవడానికీ దించే ముక్కలు) రెండు, రెండు మానావి రెండు, మూడు మానావి రెండు. మొదటి టర్న్ వాడిదే. ముక్కలన్నీ ముద్దొచ్చేలా ఉన్నాయి. "ఒక్క ల్యాండ్ వస్తే చాలన్నా" అంటూ ఉంచేసుకున్నాడు.

మొదట ఆడేవాడికి మొదటి టర్న్‌లో ముక్క తీసే వీలుండదు. రెండో టర్న్‌కి తీసేది ఒక్కటే. మిగిలిన 53లో ల్యాండ్లు 23, అంటే 43 శాతం. సగానికి పైగా సార్లు రెండో టర్న్‌లో ల్యాండ్ పడదు. రెండోవాడిగా ఆడితే అప్పటికి రెండు ముక్కలు తీస్తాడు కాబట్టి అవకాశం 68కి పెరుగుతుంది. అదే చేయి ఒకచోట వదిలేయాల్సినది, ఇంకోచోట ఆలోచించాల్సినది. మొదట ఆడుతున్నప్పుడు ఒంటి ల్యాండ్ చేతిని నేనైతే ఉంచను.

మల్లిగన్ (నచ్చని మొదటి చేతిని వదిలి మళ్లీ తీసుకోవడం) అంటే భయం వద్దు. 2019 నుంచి ఉన్న నియమం ప్రకారం మళ్లీ పూర్తిగా 7 తీసుకుని, అందులో మీకు అక్కరలేని ఒకటి డెక్ అడుగున పెడతారు. 7లో మంచివి 6 ఏరుకోవడమే కదా.

ల్యాండ్లున్నాయి, రంగు లేదు

రెండు రంగుల డెక్‌లో 15 ఫారెస్టులు (ఆకుపచ్చ ల్యాండ్లు), 9 మౌంటెన్లు పెట్టారనుకోండి. మొదటి చేతిలో ఎరుపు ఒక్కటీ లేకపోవడానికి 30 శాతం అవకాశం. ఎరుపు ఇచ్చే ల్యాండ్లు 14 చేస్తే అది 14 శాతానికి తగ్గుతుంది. 24 ల్యాండ్లలోనే ఆకుపచ్చ తగ్గకుండా ఎరుపు పెరగాలంటే రెండు రంగులూ ఇచ్చే ల్యాండ్లే దారి.

అందుకే రేర్ వైల్డ్ కార్డులు (కోరుకున్న రేర్ ముక్కగా మార్చుకునేవి) చేతికి రాగానే మొదట వాటి మీదే ఖర్చు పెట్టండి. ఈ విషయంలో నాకు రెండో మాట లేదు. అందరూ మెరిసే డ్రాగన్ కోసం పరిగెత్తుతారు. డ్రాగన్ ఒక డెక్‌కే పనికొస్తుంది, ఆ ల్యాండ్లు ఆ రంగుల డెక్‌లన్నిటికీ పనికొస్తాయి. అరీనాలో వద్దనుకున్న ముక్కను కరిగించి వైల్డ్ కార్డ్ వెనక్కి తెచ్చుకునే దారి లేదు. ఈమధ్య విడుదలైన సెట్ల ముక్కలతోనే సాగే స్టాండర్డ్ ఆడేవాళ్లు, ఆ ల్యాండ్లున్న సెట్ త్వరలో బయటికి పోతుందేమో కూడా చూసుకోవాలి.

పెద్ద ఆటగాళ్ల డెక్ జాబితా కాపీ చేసుకున్నా ఓడుతున్నా

రెండు కారణాలు. ఒకటి, జాబితాలో మన దగ్గర లేని ఖరీదైన ముక్కల చోట ఏవో ఒకటి ఇరికించడం. నాలుగైదు మారాక అది ఆ డెక్ కాదు. పూర్తిగా కట్టగలిగే ఒకే రంగు డెక్ ఎంచుకోవడం మేలు.

రెండోది ఆటలో తప్పు. ప్రతి మ్యాచ్‌లోనూ ఇద్దరిలో ఒకరు కొట్టాలి, ఇంకొకరు తట్టుకుని నిలబడాలి. ఎదుటివాడి డెక్ మనకంటే వేగంగా ఉంటే, మనది ఎంత దూకుడు డెక్ అయినా క్రీచర్లను అడ్డుపెట్టి కాచుకోవాలి. వాడు నెమ్మదివాడైతే ఆలస్యం చేసిన ప్రతి టర్న్ వాడికే లాభం. రెండో టర్న్ ముగిసేలోపు ఈ మ్యాచ్‌లో కొట్టేవాడు ఎవరో తేల్చుకోండి.

మానా ఉంది, అయినా ముక్క ఆడనీయలేదు

నాకే జరిగింది. నాలుగు ల్యాండ్లు: రెండు ఐలాండ్లు (నీలం మానా ఇచ్చేవి), రెండు మౌంటెన్లు. చేతిలో రెండు నీలం మానాలు అడిగే కౌంటర్ (ఎదుటివాడు దించే ముక్కను అడ్డుకునేది). ఒక ఎరుపు, ఇంకొకటి ఏ రంగైనా సరే అనే క్రీచర్‌ని దించాను. గేమ్ తనంతట తానే ఒక మౌంటెన్‌నీ ఒక ఐలాండ్‌నీ ట్యాప్ చేసింది, అంటే మానా కోసం వాడేసింది. ఎదుటివాడు పెద్ద ముక్క దించేసరికి నా దగ్గర మిగిలింది ఒకే నీలం.

ఇలాంటప్పుడు ముందు మౌంటెన్లు రెండూ మీ వేలితో ట్యాప్ చేసి, తర్వాత క్రీచర్‌ని దించండి. ఎదుటివాడి టర్న్‌లో ఆడాల్సిన ముక్క ఉంటే ఆ దశ దగ్గర ఆగమని తెర మీద గుర్తు (స్టాప్) పెట్టండి, లేదా ప్రతి దశలోనూ ఆగే ఫుల్ కంట్రోల్ ఆన్ చేసుకోండి. లేకపోతే గేమ్ ఆ దశను దాటించేస్తుంది.

మెట్రోలో ఆట మధ్యలో ఆగిపోతోంది

కుందలహళ్లిలో పర్పుల్ లైన్ ఎక్కితే ఎం.జి. రోడ్డు దాటాక రైలు భూగర్భంలోకి దిగుతుంది. అక్కడ నా ఫోన్‌కి సిగ్నల్ సరిగా అందదు, ఆటలో టైమర్ మాత్రం ఆగదు. యాప్ మూసి మళ్లీ తెరిస్తే, ఆట ఇంకా నడుస్తుంటే వదిలిన చోటికే తీసుకెళ్తుంది. ర్యాంక్ ఆటలు ఎం.జి. రోడ్డుకు ముందు స్టేషన్ ట్రినిటీ లోపే ముగించుకోండి.

డెక్ బాగోలేదు, మార్చేస్తా

పది ఆటల్లో నాలుగే గెలిచానని డెక్ చింపేసేవాళ్లున్నారు. నిజంగా 55 శాతం గెలిచే మంచి డెక్ కూడా పది ఆటల్లో నాలుగో అంతకంటే తక్కువో గెలవడానికి 26 శాతం అవకాశం ఉంది. కనీసం 30 ఆటలు ఆడండి. ప్రతి ఆటకూ మూడు మాటలు రాయండి: మొదట ఆడింది ఎవరు, ఎన్ని ల్యాండ్ల చేయి ఉంచుకున్నారు, ఎందుకు ఓడారు. మార్చేటప్పుడు ఒకసారికి రెండు ముక్కలే మార్చండి, లేకపోతే ఏ మార్పు పనిచేసిందో తెలియదు.

తమ్ముడి నోట్‌బుక్‌లో ఇప్పుడు 32 ఆటలున్నాయి. 17 గెలుపులు, 15 ఓటములు. ఓడిన వాటిలో ల్యాండ్ రానివి రెండే. ఏడింటి పక్కన ఒకే మాట రాసుకున్నాడు: "చేతిలో ముక్కలు అయిపోయినాయి." ఈ ఆదివారం రెండు చిన్న క్రీచర్లు తీసి, ముక్కలు తెచ్చిపెట్టేవి రెండు వేస్తున్నాం. ల్యాండ్ల జోలికి పోవడం లేదు.