ఇప్పపువ్వు ఏరడానికి వెళ్తున్నారా? గుడ్డెలుగు మీకంటే ముందే లేస్తుంది

హోలీ వెళ్లిందంటే ఉట్నూరు, ఇంద్రవెల్లి వైపు అడవిలో ఇప్పపువ్వు జోరు మొదలైనట్టే. మార్చి, ఏప్రిల్, అంతే. రాత్రి మొదలైన రాలుడు పొద్దెక్కేదాకా సాగుతుంది కాబట్టి జనం చీకటితోనే బుట్ట చంకన పెట్టుకుని బయల్దేరుతారు. నన్నడిగితే భయపడాల్సింది ఆ చీకటికే.

ఎలుగుబంటికి ఇప్పపువ్వంటే ప్రాణం. దానికి చూపు అంతంతమాత్రం, వాసన మాత్రం గట్టిగా పడుతుంది. తల నేలకు పెట్టి తింటూ ఉంటే మనం దగ్గరికి వచ్చేదాకా గమనించదు, తీరా ఉలిక్కిపడితే నేరుగా మొహం మీదికే వస్తుంది. అందుకే మనిషిని మనిషి గుర్తుపట్టేంత వెలుతురు వచ్చాకే చెట్టు దగ్గరికి వెళ్లండి. నలుగురు కలిసి, గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్లండి. నాలుగు పువ్వులు తక్కువైతే ఏం కాదు. పిల్లలతో ఉన్న ఎలుగు కనిపిస్తే ఆ పూటకు ఆ చెట్టును వదిలేయండి.

ఇక నిప్పు. ఎండుటాకుల మధ్య పువ్వు కనబడదని ముందురోజే చెట్టు కింద ఆకులు తగలబెడతారు. అదంతా టేకు అడవి, ఆకు అప్పడంలా ఎండి ఉంటుంది. కాస్త గాలి లేస్తే మంట మన చేతిలో ఉండదు, చెట్టు కింద మొలిచిన ఇప్ప మొక్కలు కూడా మాడిపోతాయి. పైగా అడవిలో నిప్పు పెట్టడం నేరం. దాని బదులు చీపురుతో ఊడ్చి పాత చీరలు పరిచేస్తే సరి, పువ్వుకు మట్టి కూడా అంటదు. ఆకులు మాత్రం చేత్తో ఎత్తకండి, ముందు కర్రతో కదపండి. రక్తపింజర ఎండుటాకుల్లో కలిసిపోయి పడుకుంటుంది.

పట్నం నుంచి సరదాగా వచ్చేవాళ్లకు ఒక మాట. ఫలానా చెట్టు ఫలానా ఇంటిదన్న కట్టు గూడేల్లో ఉంటుంది. 2006 అటవీ హక్కుల చట్టం కూడా ఇప్పపువ్వులాంటి అటవీ ఫలసాయం మీద హక్కు అక్కడివాళ్లకే ఇచ్చింది. అడగకుండా బుట్ట దించొద్దు.

మొదటిసారి నేను ఏరిన పువ్వును ప్లాస్టిక్ సంచిలో మూతికట్టి ఇంటికి తెచ్చాను. సాయంత్రం విప్పితే సారా వాసన గుప్పుమంది, పువ్వంతా జిగటగా ముద్దయింది. మొత్తం పారబోశాను. పచ్చిపువ్వును వెదురు బుట్టలోనే తేవాలి, అదే రోజు చాప మీద పలచగా ఎండబోయాలి. లేత పసుపు పోయి ఎర్రటి కిస్‌మిస్ రంగుకు రావాలి. పిడికిట్లో నొక్కి వదిలితే ముద్దకట్టకుండా విడిపోవాలి. బూజు కనిపిస్తే మొహమాటం లేకుండా పారేయండి.

పచ్చిపువ్వు తియ్యగా ఉందని గుప్పిళ్లకొద్దీ తింటే తల తిరుగుతుంది, వాంతి వస్తుంది. ఎండినదాన్ని కేసరాలు దులిపి, కడిగి ఆరబెట్టి, వేయించి నువ్వులు, పల్లీలు, బెల్లంతో లడ్డూ కట్టుకోవచ్చు. షుగర్ ఉన్నవాళ్లు ఇప్ప లడ్డూను మందనుకుని తినకండి, పువ్వు తీపంతా చక్కెరే. దగ్గుకు కషాయం పెద్దలు చెప్పేదే, కానీ చంటిపిల్లలకూ గర్భిణులకూ డాక్టరును అడక్కుండా ఇవ్వొద్దు.

వానలు మొదలయ్యే వేళకు కాయలొస్తాయి. గింజ నుంచి నూనె తీశాక మిగిలిన పిండిని గొడ్ల దాణాలో కలపకండి, అందులో విషముంది. పూర్వం చేపలు మత్తెక్కి తేలడానికి మడుగుల్లో చల్లింది ఆ పిండినే.