ఎలుక చెవికి రసాయనం పూశాక లింఫ్ గ్రంథి రక్తనాళాలు: ఏం చూడాలి, ఎలా కొలవాలి

ముందు గ్లోవ్స్ గురించి. మనం ఎలుక చెవికి పూసే ఆక్సజోలోన్, డీఎన్‌ఎఫ్‌బీ లాంటి రసాయనాలు ఎలుకకే కాదు, మనకీ ఎలర్జీ పుట్టిస్తాయి. ఒకసారి నా మణికట్టు మీద చుక్క పడింది, ఏమీ కాలేదు. కొన్ని వారాల తర్వాత మళ్లీ తగిలింది, రెండు రోజుల్లో ఎర్రగా పొక్కిపోయింది. మొదటి చుక్క పడినప్పుడే నా చంకలోని లింఫ్ గ్రంథుల్లో రోగనిరోధక కణాల పని మొదలైపోయింది. ఎలుకలో మనం చూడబోయేది ఆ పనినే. ఫ్యూమ్ హుడ్‌లోనే, రెండు జతల గ్లోవ్స్‌తో చేయండి.

ఎథిక్స్ అనుమతి వచ్చాక, 4 పాళ్ల ఎసిటోన్, 1 పాలు ఆలివ్ నూనె కలిపి రసాయనాన్ని కరిగించి, ఒక్కో చెవి వెనుకవైపు 25 మైక్రోలీటర్లు పూయండి. ద్రావణి మాత్రమే పూసిన ఎలుకలు వేరుగా ఉండాలి. సోడియం లారిల్ సల్ఫేట్ పూసినవి కూడా పెట్టుకోండి. అది ఎలర్జీకి కాదు, మంటకు కారణం, అయినా గ్రంథిని పెంచగలదు.

చెవి నుంచి లింఫ్ చేరే గ్రంథి మెడలో, జుగ్యులర్ అనే పెద్ద సిర రెండుగా చీలే చోట ఉంటుంది. కొత్తలో నేను దవడ కింది గ్రంథిని తీసి వారం పని పోగొట్టుకున్నాను. తీయగానే తూచి, ఫ్రీజ్ చేసి, 8 నుంచి 10 మైక్రాన్ల మందంలో కోయండి.

హెచ్‌ఈవీల (హై ఎండోథీలియల్ వెన్యూల్స్) గోడకు అంటుకునే మెకా-79 యాంటీబాడీ వేస్తే అవి వెలుగుతాయి. రక్తంలోని లింఫోసైట్లు (ఒక రకం తెల్ల రక్తకణాలు) గ్రంథిలోకి దిగే ప్రత్యేక సిరలివి, వీటి గోడ కణాలు ఎత్తుగా, బొద్దుగా ఉంటాయి. రసాయనం పూశాక ముందు గ్రంథికి రక్తం తెచ్చే ధమని వెడల్పవుతుంది, లోపలికి దిగే కణాలు పెరుగుతాయి. ఆ తర్వాత గోడ కణాలు విభజన చెంది హెచ్‌ఈవీలు పొడవూ వెడల్పూ పెరుగుతాయి. నాళాల గోడ కణాలను చూపే సీడీ31తో పాటు, విభజన చెందుతున్న కణాలను చూపే కేఐ-67 యాంటీబాడీ వేస్తే ఆ విభజన కనిపిస్తుంది. ఒక్క రోజు చూసి వదిలేస్తే ఈ వరుస దొరకదు. నేను 1, 3, 5 రోజుల్లో తీస్తాను.

ఇక కొలత. ఎక్కువ మంది తప్పేది ఇక్కడే, దయచేసి జాగ్రత్త. చదరపు మిల్లీమీటరుకు ఎన్ని హెచ్‌ఈవీలో లెక్కిస్తే, 5వ రోజున తగ్గినట్టు అనిపించవచ్చు. నాళాలు పోయాయని కాదు, గ్రంథి అంతకంటే ఎక్కువగా ఉబ్బింది. అందుకే కోతలో హెచ్‌ఈవీలు ఆక్రమించిన వాటా ఎంతో చూసి, గ్రంథి మొత్తం ఘనపరిమాణంతో గుణించండి. లెక్కించేవారికి ఏ స్లైడు ఏ ఎలుకదో తెలియకుండా కోడ్ వేసి ఇవ్వండి.